కొత్త బడి గేటు మన వీధిలోకా, వెనక గోర్జి వైపుకా?

కోనేటిగట్టు · ఆదివారం, రాత్రి 9:10
విజయనగరం రింగు రోడ్డు దాటాక మా లేఅవుటు. పదిహేనేళ్ళ కిందట ప్లాటు కొన్నప్పుడు చుట్టూ వరి మళ్ళు, వెనకాల గెడ్డ (చిన్న వాగు), గెడ్డ పక్కన ఊరివాళ్ళ ఎడ్లబళ్ళు నడిచే గోర్జి. ఇప్పుడా మళ్ళలో ఓ ప్రైవేటు స్కూలు లేస్తోంది. మూడో శ్లాబు మొన్ననే పోశారు. జూన్ 12న బడులు తెరిచే నాటికి మొదలెడతారట. వాచ్‌మన్ చెప్పిన లెక్కయితే పన్నెండొందల మంది పిల్లలు.

స్కూలు వద్దని నేను అనను, ముందే చెప్తున్నా. మా చిన్నదాన్ని అక్కడే వేద్దామని మా ఆవిడ అప్పుడే ఫీజు కనుక్కొచ్చింది. నా బెంగంతా గేటు గురించి. మెయిన్ గేటు మా వీధిలోకి పెడుతున్నారు. మా వీధి కాగితం మీద 30 అడుగులు. ఒక పక్క డ్రైను, ఇంకో పక్క కార్లు, రోడ్డు మీదకి వచ్చేసిన కరెంటు స్తంభాలు. ఇవన్నీ పోను 18 అడుగులు మిగిలితే గొప్ప. పైగా వీధి చివర మూసుకుపోయింది. వచ్చిన బండి వచ్చిన దారినే పోవాలి. ఇంకా రెండున్నర నెలలుంది. ఇప్పుడేం చెయ్యొచ్చు?

మూడులాంతర్ల_మావ · 9:26
ఏటవుద్ది? సిరిమాను జాతర నాడు మూడు లాంతర్ల సెంటరు కాడ ఎలాగుంటాదో అలాగే. కాకపోతే పైడితల్లమ్మ సంబరం ఏడాదికోపాలి, బడి రోజూ. ఆ ఇల్లు అమ్మీసి అంబటిసత్రం వచ్చీ. మాకు ఇరుకు అలవాటైపోనాది.

దూరదేశి · 9:31
రోడ్డు వెడల్పు చేయించండి. 60 అడుగులు చేస్తే గొడవే ఉండదు.

కోనేటిగట్టు · 9:33
రెండు పక్కలా ఇళ్ళున్నాయి బాబూ. ఎవరి వరండా కొట్టమంటావ్? నువ్వు హైదరాబాదులో కూచుని మా ఇంటి గోడ కొట్టేస్తున్నావ్.

టేపు_పట్టిన_చెయ్యి · 10:05
మున్సిపల్ ఇంజినీరింగులో ముప్పై ఏళ్ళు చేసి దిగినవాణ్ణి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

బడి అనగానే అందరూ రోడ్డు వెడల్పు అడుగుతారు. బడి ముందర జామ్ అయ్యేది బళ్ళు నడవడం వల్ల కాదు, ఆగడం వల్ల. లెక్క వేద్దాం. 1200 మందిలో సగం స్కూలు బస్సుల్లో వస్తారనుకోండి. మిగతా 600లో నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, ఆటోలవాళ్ళు పోగా, ఇంట్లోవాళ్ళు స్కూటరు మీదో కారులోనో దింపే పిల్లలు 300 అనుకుందాం. ఈ 300 బళ్ళూ మొదటి గంటకి ముందు ఇరవై నిమిషాల్లోనే ఊడిపడతాయి. అంటే నిమిషానికి 15. ఒక్కో బండి ఆగి, పిల్ల దిగి, సంచీ తగిలించుకుని, టిఫిను డబ్బా మర్చిపోయి వెనక్కొచ్చి, టాటా చెప్పి, బండి కదిలేసరికి 40 సెకన్లు. 15 బళ్ళు, 40 సెకన్లు అంటే 600 సెకన్లు, 60తో భాగిస్తే 10. ఏ క్షణంలో చూసినా గేటు ముందు 10 బళ్ళు నిలబడి ఉంటాయి. అన్నీ కార్లే అయితే, కారుకి 6 మీటర్ల చొప్పున 60 మీటర్ల వరస. స్కూటర్లు ఎక్కువ కాబట్టి మామూలు రోజున తగ్గుతుంది. వాన రోజున స్కూటర్లన్నీ కార్లయిపోతాయి. ఆ 60 మీటర్లు మీ వీధిలో నిలబడాలా, వాళ్ళ ఆవరణలో నిలబడాలా? అసలు పేచీ ఇదొక్కటే. 60 అడుగుల రోడ్డు వేసినా ఆ వరస రోడ్డు మీదే ఉంటే, ఆర్నెల్లకి రెండు పక్కలా పార్కింగయి మళ్ళీ 18 అడుగులే మిగులుతాయి.

ఇక బస్సులు. 600 మందికి, బస్సుకి 50 చొప్పున 12 బస్సులు. వరసగా పెడితే దగ్గర దగ్గర 140 మీటర్లు. పొద్దున్న దింపి పోతాయి సరే, సాయంత్రం ముందే వచ్చి కాసుకుని ఉంటాయి. అందుకే జామ్ సాయంత్రం మరీ ఎక్కువ.

చివర మూసుకుపోయిన వీధి అన్నారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే. పెద్ద బస్సు వెనక్కి తిప్పుకోవాలంటే 12 మీటర్ల వ్యాసార్ధం కావాలి, అంటే 24 మీటర్ల జాగా. మీ 30 అడుగులు 9 మీటర్ల చిల్లర. తిరగదు. రివర్సులో రావాలి. వెనక నిలబడ్డ ఒకటో తరగతి పిల్ల డ్రైవరుకి అద్దంలో కనపడదు.

త్రీవీలర్ · సోమవారం, ఉదయం 6:02
సారు లెక్క బాగున్నాది గానీ ఆటోలని ఒక్క మాటతో తీసీసేరు. నాను రోజూ ఎనిమిది మంది గుంటల్ని ఏస్తాను. ఎక్కువే, తెలుసు, తిట్టకండి. ఆ ఎనిమిది మందీ ఎనిమిది స్కూటర్ల మీద వస్తే ఏటవుద్దో సారే లెక్క కట్టాల. ఇప్పుడు ఎల్తున్న బడి కాడ మమ్మల్ని గేటు దగ్గిరకి రానీరు. సెక్యూరిటీ ఈల ఊదుతాడు. అలాగని ఎక్కడ ఆపాలో ఎవడూ సెప్పడు. మూల మీద ఆపుతాం. మూల మీద ఆపితే జాము. జాము ఆటోలోళ్ళ వల్లే అని పేపర్లో ఎయ్యడం. సోటు సూపించండి, గీత గీసి ఇక్కడ ఆపు అని సెప్పండి, ఆపకపోతే అప్పుడు అడగండి.

టేపు_పట్టిన_చెయ్యి · 6:40
తప్పు నాదే. బస్సు తరవాత తక్కువ జాగాలో ఎక్కువ మందిని దింపేది ఆటోనే. వాళ్ళకి విడిగా నాలుగు ఆటోల చోటు ఉండాలి.

గెడ్డవతల · 7:15
మీ లేఅవుటు ఎనకాతల గోర్జి మా ఊరిది. గేటు అటేపు ఎట్టించీద్దామని మీరంతా ఆలోచిస్తన్నారని సదువుతుంటే తెలుస్తన్నాది. మా తాతల నాటినించీ ఎడ్లూ బళ్ళూ నడిసిన దారి అది. ఇప్పుడు బైకు మీద ఎల్తుంటే ఎదురుగా గేది వస్తే నువ్వే ఆగాల, గేది ఆగదు. అందులోకి పన్నెండు బస్సులా?

అలాగని వద్దనీ అన్ను. రోడ్డొస్తే మా ఊరికీ మంచిదే. 108 బండి రావాలంటే ఇప్పుడు చుట్టు తిరిగి రావాల. కానీ ఒక నిజం సెప్తన్నాను. ఆ గోర్జి సగం ఎవుడెవుడి కంచెల్లోనో ఉన్నాది. మా కంచెలోనూ ఓ మూర ఉంటాదేమో, అబద్దమెందుకు.

మూడులాంతర్ల_మావ · 7:21
ఓరి నాయనో, ఈ ఊళ్ళో ఆక్రమణ ఒప్పుకున్న మొదటోడు. దండెయ్యండిరా.

కోనేటిగట్టు · మంగళవారం, రాత్రి 8:50
నిన్నా ఇవాళా తిరిగిన తిరుగుడు చెప్తాను. మొదట స్కూలు సైటు ఆఫీసుకెళ్ళాను. మర్యాదగానే కూచోబెట్టారు, టీ ఇచ్చారు. గేటు ఎందుకండీ మా వీధిలోకి అంటే, "తూర్పు ముఖం కదండీ, వాస్తు" అన్నారు. మా వీధి స్కూలుకి తూర్పు, గోర్జి ఉత్తరం. ఇంక నేనేం మాట్లాడను?

తరవాత సచివాలయంలో మా సర్వేయరు గారిని పట్టుకుని గోర్జి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటం) నకలు చూశాను. పాత పటం. అందులో రాస్తా అని గీసి 25 అని రాసుంది. 25 ఏంటో నాకు బోధపడలేదు. అడుగులైతే బావుణ్ణు.

టేపు_పట్టిన_చెయ్యి · 9:04
లింకులు. పాత సర్వే గొలుసుకి 100 లింకులు, గొలుసు పొడుగు 66 అడుగులు. 25 లింకులంటే 16 అడుగుల 6 అంగుళాలు, 5 మీటర్లు. నేల మీద ఎంతుంది?

కోనేటిగట్టు · 9:06
నా అడుగులతో కొలిస్తే కొన్నిచోట్ల పది కూడా లేదు.

మూడులాంతర్ల_మావ · 9:10
వాస్తుకి మందు నా దగ్గిరుంది. ఉత్తరం కుబేర స్థానం. ఉత్తరం గేటు ఎడితే ఫీజులు ఇంకా బాగా వసూలవుతాయని సెప్పు. రేపొద్దునే గేటు మారిపోద్ది.

బడిపంతులమ్మ · బుధవారం, మధ్యాహ్నం 1:20
ఈ చర్చ అంతా చదివాను. ముప్పై మూడేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషిని, ఒక్క మాట అడుగుతాను. స్కూటరెక్కడ ఆగాలి, బస్సెలా తిరగాలి అన్నీ అయ్యాయి. నడిచొచ్చే పిల్ల ఎక్కడ నడవాలో ఒక్కరూ రాయలేదు. ఆ గెడ్డవతల ఊరినుంచి రేపు ఈ బడికి పిల్లలు రారా? మీ వీధిలో పిల్లలే ఉన్నారు కదా, రెండొందల గజాల దూరానికి వాళ్ళనీ స్కూటరెక్కిస్తారా? ఎక్కిస్తారు. నడిచే చోటు లేకపోతే ఎవరైనా ఎక్కిస్తారు. అప్పుడు ఇంజినీరు గారి 300 కాస్తా 400 అవుతాయి.

ఇప్పుడు ఒంటిపూట బడులు. పన్నెండున్నరకి వదుల్తున్నారు. ఇందాకే మా వీధిలో చూశాను, పిల్లలు నెత్తిన పుస్తకాలు పెట్టుకుని నీడ కోసం గోడల వారగా పోతున్నారు. గోడల వార డ్రైను. మూతల్లేవు. రోడ్డు మీదకి దిగితే బళ్ళు.

కోనేటిగట్టు గారూ, మీ వీధి డ్రైను మీద పలకలు వేయించండి. ఖర్చులో ఖర్చు, అదే ఫుట్‌పాత్.

టేపు_పట్టిన_చెయ్యి · 1:52
మేడం గారు సరిగ్గా చెప్పారు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) వాళ్ళ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడక జాగా 1.8 మీటర్లు ఉండాలి. డ్రైను వెడల్పు ఒక్కటే చాలకపోవచ్చు, పక్కన ఓ రెండడుగులు కలుపుకోవాలి. స్తంభాలు జరపాలి, దానికి కరెంటోళ్ళ ఎస్టిమేటు వేరే. పలకలు మాత్రం విడివిడిగా, పైకెత్తడానికి కొక్కేలున్నవి వెయ్యాలి. పూడిక తియ్యకుండా కాంక్రీటుతో మూసేస్తే మొదటి వానకే నీళ్ళు ఇళ్ళలోకొస్తాయి.

కిరాణా_కార్నర్ · 3:15
అందరూ బాగానే చెప్తున్నారు. వీధి మొదట్లో షాపు నాది. స్కూలొస్తే నాకు నాలుగు పెన్నులు, నాలుగు చాక్లెట్లు అమ్ముడవుతాయని సంబరపడ్డాను. ఇప్పుడు పలకలు వేస్తే డ్రైను మీదున్న నా మెట్లు కొట్టేస్తారు కదా?

బడిపంతులమ్మ · 3:22
కొట్టేస్తారు నాయనా. ఆ మెట్ల స్థానంలో మీ షాపు ముందరినుంచే రోజూ రెండొందల మంది పిల్లలు నడిచి వెళ్తారు. లెక్క చూసుకోండి.

కిరాణా_కార్నర్ · 3:40
రాత్రికి మా ఆవిణ్ణి అడిగి చెప్తానండి.

దూరదేశి · 5:05
స్పీడ్ బ్రేకర్లు పెట్టించండి, గేటుకి రెండు వైపులా నాలుగు.

టేపు_పట్టిన_చెయ్యి · 6:11
జామ్ అయిన వీధిలో స్పీడు ఎక్కడిది బాబూ? బ్రేకరు కావాల్సింది మీ వీధిలో కాదు, మెయిన్ రోడ్డు మీద వీధి మలుపుకి ముందు. పిల్లలు దాటే చోట. అది కూడా జనం రాత్రికి రాత్రి పోసే సిమెంటు గట్టు కాదు. ఐఆర్‌సీ 99లో కొలత ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు. 25 కిలోమీటర్ల వేగంతో వచ్చినవాడికి నడుం విరగదు, 50తో వచ్చినవాడికి బుద్ధొస్తుంది. ముందు బోర్డు, పైన తెల్ల చారలు ఉండాలి. మనవాళ్ళు వేసేవి అడుగు వెడల్పు, ముప్పావడుగు ఎత్తు. గర్భిణీ స్త్రీలని ఆటోలో తీసుకెళ్ళేవాళ్ళని అడగండి చెప్తారు.

త్రీవీలర్ · 6:30
నన్నడగండి సెప్తాను.

కోనేటిగట్టు · గురువారం, రాత్రి 10:15
సరే, గోర్జిని కలుపుకుంటే ఎలా ఉంటుందో చూద్దాం. నాకు తోచింది రాస్తున్నా, తప్పులుంటే దిద్దండి. చిన్న బళ్ళు మా వీధిలోంచి తూర్పు గేటులో లోపలికి వెళ్ళి, ఆవరణలోనే పిల్లల్ని దింపి, ఉత్తరం గేటులోంచి గోర్జి మీదుగా బయటపడాలి. ఒకవైపే రాకపోకలు. ఎదురు బండి ఉండదు, రివర్సు ఉండదు. వాస్తు కూడా చెడదు, ప్రవేశం తూర్పే!

టేపు_పట్టిన_చెయ్యి · 10:48
చాలావరకు బాగుంది. 5 మీటర్ల దారి ఒకవైపు వెళ్ళే కార్లకి, ఆటోలకి చాలు. కానీ గెడ్డ మీద కల్వర్టు చూశారా? ఎడ్లబండి కోసం కట్టింది. బస్సు బరువు సంగతి దేవుడెరుగు, గోర్జి చివర మెయిన్ రోడ్డులోకి తిరిగే మూల బస్సుకి సరిపోదు. కాబట్టి గోర్జిలోకి బస్సులు వద్దు. బస్సులు కార్ల కంటే ముందు, ఎనిమిదింబావుకల్లా తూర్పు గేటులో లోపలికెళ్ళి, రద్దీ తగ్గాక తొమ్మిదింబావుకి బయటికి రావాలి. సాయంత్రం మూడు గంటలకే లోపల ఉండాలి. వీధిలో ఒక్క బస్సూ నిలబడకూడదు.

బడిపంతులమ్మ · శుక్రవారం, ఉదయం 7:30
లోపల అంటే ఎక్కడండీ? 12 బస్సులు గంటసేపు నిలబడే చోటు అంటే ఆటస్థలమే కదా. నేను పనిచేసిన ఓ బడిలో ఇలాగే అయింది. డ్రిల్లు పీరియడ్‌లో పిల్లలు బస్సుల మధ్య దాగుడుమూతలు ఆడేవారు. చూసి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

టేపు_పట్టిన_చెయ్యి · 8:02
దానికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు మేడం. భవనం చుట్టూ వదిలిన జాగాలో పెడదామంటే అది ఫైరింజను తిరగడానికి ఖాళీగా ఉంచాలి. బస్సులు తగ్గించి చిన్నవి పెట్టుకోవచ్చు. పెద్ద తరగతులకీ చిన్న తరగతులకీ అరగంట తేడాతో గంట కొడితే బస్సులు రెండు ట్రిప్పులు వేస్తాయి, ఆరు సరిపోతాయి, నా 10 బళ్ళ వరసా సగమవుతుంది. పైసా ఖర్చు లేనిది అదొక్కటే. కానీ అన్నదమ్ములు చెరో తరగతైతే ఇంట్లోవాళ్ళు గోల పెడతారు.

మూడులాంతర్ల_మావ · 8:10
ఇదంతా మీరు సెప్పగానే వాళ్ళు ఇంటారేటి?

టేపు_పట్టిన_చెయ్యి · 8:55
మాటలకి వినరు. కాగితానికి వింటారు, అదీ ఇప్పుడైతేనే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం వాడుకోవచ్చని ఇచ్చే కాగితం) వచ్చాక మీ గోడు వినేవాడుండడు.

ముందు ప్లాను పాసు చేసింది కార్పొరేషనా, విశాఖ మెట్రో అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏనా తెలుసుకోండి. అక్కడ ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి. పది రూపాయలు, ముప్పై రోజులు. మంజూరైన ప్లాను, సైటు ప్లానుతో సహా నకలు అడగండి. అందులో గేటు ఎక్కడ చూపించారు, రోడ్డు వెడల్పు ఎంత రాశారు, పార్కింగ్ ఎక్కడ, ఈ మూడూ చూడండి. మనవాళ్ళ బిల్డింగు రూల్సులో కట్టడం ఏ రకందో దాన్నిబట్టి ముందరి రోడ్డు ఇంత ఉండాలని పట్టిక ఉంది. ప్లానులో పార్కింగ్ అని గీసి అక్కడ క్యాంటీను కట్టేస్తే, ఆక్యుపెన్సీకి ముందే పట్టుకోవాలి.

గోర్జి సంగతి రెవెన్యూది. సర్వే కోసం ఎఫ్-లైన్ దరఖాస్తు మీసేవలో పెట్టొచ్చు. దారి వెడల్పు తేలాకే కల్వర్టు మాట.

మూడోది పోలీసులు. బడి వేళల్లో ఇసక ట్రాక్టర్లూ లారీలూ ఆ దారిన రాకుండా ఆంక్ష పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం 115లో ఉంది, బోర్డులకి 116. సిరిమానుకి ఏ వీధి మూయాలో, ఏ వీధి వన్‌వేయో మన పోలీసులు ముందే పటం గీసి పెడతారు. వాళ్ళకి రాని పని కాదు.

ఈ మూడూ కలిపి ఒకే అర్జీ రాసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రశీదు తీసుకోండి. "ట్రాఫిక్ సమస్య పరిష్కరించగలరు" అని రాయకండి, అలాంటివి రోజుకి వందొస్తాయి. కొలతలు రాయండి. వీధి ఇంత, స్తంభాలు ఇన్ని, డ్రైను ఇంత, గోర్జి పటంలో 25 లింకులు, నేల మీద ఇంత. కొలత రాసిన అర్జీకి జవాబు కూడా కొలతతోనే రాయాలి.

బస్సుల ఫిట్‌నెస్ మే 15తో అయిపోతుంది, కొత్తది చేయించుకోవడానికి ఆర్టీఓ దగ్గరికి వాళ్ళు వెళ్ళక తప్పదు. అక్కడ కూడా బస్సులెన్నో తెలుస్తుంది.

కిరాణా_కార్నర్ · 9:20
మా ఆవిడ సరే అంది. కానీ మెట్లు నేనే తీసుకుంటాను, జేసీబీ వద్దు. గ్రానైట్ అది.

బడిపంతులమ్మ · 9:34
అర్జీలో ఇంకొకటి చేర్చండి. తొమ్మిదో తరగతి పిల్లలు స్కూటీల మీద వస్తే స్కూలు లోపల పెట్టనివ్వకూడదని. 2019లో చట్టం మార్చాక మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకి 25 వేల జరిమానా, జైలు కూడా ఉంది. లోపల పెట్టనివ్వకపోతే ఆ పక్క సందులో పెట్టి వస్తారు, నాకు తెలుసు. అయినా రాయండి. సైకిళ్ళకి మాత్రం గేటు పక్కనే, నీడలో స్టాండు అడగండి.

కోనేటిగట్టు · శనివారం, రాత్రి 8:40
అర్జీ చిత్తుప్రతి రాశాను. ఖాళీలు వదిలిన చోట కొలతలు పడాలి. రేపు ఆదివారం పొద్దున్న ఆరింటికి వీధి మొదలునుంచి గోర్జి చివరిదాకా కొలుద్దాం. ఇంజినీరు గారు వస్తానన్నారు. నా దగ్గర 15 మీటర్ల టేపే ఉంది. 30ది ఎవరి దగ్గరైనా ఉందా?

టేపు_పట్టిన_చెయ్యి · 8:44
పేరు చూసి కూడా అడుగుతారా?

త్రీవీలర్ · 8:52
ఆదివారం నాకు బడి సవారీ లేదు. ఇంజినీరు సారుని నాను ఎక్కించుకొస్తాను. రెండో కొస కూడా నానే పడతాను.

గెడ్డవతల · 9:30
గోర్జిలో తుప్పలు బాగా పెరిగిపోనాయి, పాములుంటాయి, సెప్పులు కాదు బూట్లేసుకుని రండి. మా కాడ కొలిసినప్పుడు కంచె బయటినించి కొలవకండి, సర్వే రాయి లోపలున్నాది. రాత్రే కంచె ఇప్పీసి ఉంచుతాను. గేదిని కూడా కట్టీసి ఉంచుతాను.